బీటెక్‌లో సీఆర్, కోఆర్డినేటర్ పదవులు: ఎన్ని తీసుకోవాలి, ఎప్పుడు వదిలేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రెండో సంవత్సరం, జేఎన్‌టీయూకే (కాకినాడ జేఎన్‌టీయూ) అనుబంధ కాలేజీ, 2-2 (రెండో సంవత్సరం రెండో సెమిస్టర్) ఇప్పుడే మొదలైంది. సెక్షన్‌కి సీఆర్‌గా (క్లాసు ప్రతినిధిగా) ఉండమని హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ అధిపతి) అంటున్నారు. ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంఘం) స్టూడెంట్ బ్రాంచ్‌లో జాయింట్ సెక్రటరీగా రమ్మని సీనియర్లు పిలుస్తున్నారు. మార్చిలో జరిగే టెక్ ఫెస్ట్‌కి కోఆర్డినేటర్ల జాబితాలోనూ మీ పేరు రాసేశారు. నాన్నగారేమో "మనకెందుకమ్మా ఆ గొడవలు, మార్కులు చూసుకో" అంటున్నారు. మూడూ చేయొచ్చా, సీజీపీఏ పడిపోతుందా, రేపు ఇంటర్వ్యూలో వీటిని ఎవరైనా పట్టించుకుంటారా అన్నది మీ సందేహం.

ఒకటి తీసుకోండి. మూడూ వద్దు. ఏదో ఒకటే అంటే నా ఓటు ఫెస్ట్‌కి. అందులోనూ డబ్బు లెక్కలు చూసే పని అడగండి. 4-1 మొదలయ్యేనాటికి అన్నీ జూనియర్లకి అప్పజెప్పి బయటికి వచ్చేయండి. సీజీపీఏ సంగతంటారా, పడిపోవచ్చు. కానీ మీరు అనుకుంటున్న కారణంతో కాదు, అది కింద చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. నేను మెకానికల్. మీలాగే కోస్తాలో ఒక అనుబంధ కాలేజీ. మూడో సంవత్సరంలో బాజా (విద్యార్థులు బండి కట్టి నడిపే పోటీ) టీమ్ కెప్టెన్‌ని, అంతకుముందు ఏడాది మా డిపార్ట్‌మెంట్ ఫెస్ట్‌కి ఖజానా చూశాను. ఇప్పుడు చెన్నై పక్కన ఒరగడంలో కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో పని. ఆరేళ్లుగా క్యాంపస్ ఇంటర్వ్యూలకి మా కంపెనీ తరఫున వెళ్తున్నాను. అంటే బల్లకి అటూ ఇటూ రెండు వైపులా కూర్చున్నవాణ్ని.

ముందు ఇటువైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను. ఒక్క రోజులో నలభై, యాభై రెజ్యూమెలు చేతిలోకొస్తాయి. ప్రతి మూడో దాంట్లో "ఈవెంట్ కోఆర్డినేటర్" ఉంటుంది. పక్కనే "మంచి నాయకత్వ లక్షణాలు". వీటిని చదవను, కళ్లు వాటంతటవే దాటేస్తాయి. కోఆర్డినేటర్ అని కనిపిస్తే మాత్రం ఒక ప్రశ్న అడుగుతాను: "ఆ రోజు మీరు రాకపోయుంటే ఏ పని ఆగిపోయేది?" చాలామంది అక్కడే ఆగిపోతారు. బ్యాడ్జీ వేసుకుని స్టేజీ పక్కన నిలబడ్డవాళ్లకి దీనికి జవాబు ఉండదు.

ఒక అబ్బాయి గుర్తున్నాడు. ఇంగ్లిష్ అంతంత మాత్రం, పదవి కూడా చిన్నదే: ఫుడ్ కమిటీ. ఆ ప్రశ్న వేయగానే నవ్వేసి, "సార్, నాలుగు వందల భోజనాలు చెప్పాం. ఐదు వందల ఇరవై మంది వచ్చారు. ఎవరో కూపన్లు జిరాక్స్ తీసేశారు" అన్నాడు. మరి ఏం చేశావయ్యా అంటే, వంటాయనతో మాట్లాడి అరగంటలో సాంబారన్నం ఇంకో డేగిసా ఎక్కించాడట. అప్పటిదాకా లైన్ చెదిరిపోకుండా ముందు బయటి కాలేజీల పిల్లల్ని కూర్చోబెట్టాడట. రెండో రోజు కూపన్ల మీద డిపార్ట్‌మెంట్ సీలు ఆకుపచ్చ ఇంకుతో కొట్టించాడు. జిరాక్స్ తీస్తే నల్లగా వస్తుంది కదా. మా ప్లాంటులో షిఫ్ట్ సూపర్‌వైజర్ రోజూ చేసే పని అదే: లెక్క తప్పినప్పుడు ఆ పూటకి సర్దడం, మర్నాడు అదే తప్పు మళ్లీ రాకుండా ఒక అడ్డు పెట్టడం. టెక్నికల్ ప్రశ్నలు కూడా బాగానే చెప్పాడు కాబట్టి తీసుకున్నాం. చెప్పకపోయుంటే సాంబారన్నం ఒక్కటే ఉద్యోగం ఇప్పించదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఫెస్ట్‌లో డబ్బు పని ఎందుకంటే దానికి మొదలు ఉంది, చివర ఉంది, చివర్లో లెక్క తేలాలి. తేలకపోతే దాక్కోవడానికి చోటు ఉండదు. మా ఫెస్ట్ అయిపోయాక పుస్తకంలో పదకొండు వేల నాలుగు వందలు తేడా వచ్చింది. ఎవరూ తినలేదు. ఆటోలకి, టీలకి, రాత్రికి రాత్రి మార్చిన ఫ్లెక్సీకి, సౌండ్ సిస్టమ్ వాడికి ఇచ్చిన అదనపు గంట డబ్బుకి బిల్లుల్లేవు, అంతే. ఆఫీసులో గుమాస్తా గారు కళ్లజోడు పైనుంచి చూసి, "బిల్లు లేనిది ఖర్చు కాదు నాయనా, నీ దానం" అన్నారు. నేనూ ఇంకో ఇద్దరం కలిసి జేబులోంచి కట్టాం. ఇంట్లో మాత్రం ల్యాబ్ రికార్డులకి అని చెప్పాను.

అందుకని మీరు ఆ పని తీసుకుంటే నాలుగు జాగ్రత్తలు. వసూళ్లు మీ సొంత ఫోన్‌పే నంబరుకి రానివ్వకండి. కాలేజీ ఖాతా దొరక్కపోతే కనీసం ఫ్యాకల్టీ కన్వీనర్ రాసిచ్చిన కాగితం ఉండాలి. వంద రూపాయలైనా సరే, ఖర్చు పెట్టిన మనిషి ఆ రాత్రే వోచర్ రాసి సంతకం పెట్టాలి. పుస్తకం పేజీని రోజూ ఫొటో తీసి కమిటీ గ్రూపులో పెట్టండి, రేపు ఎవరూ "మాకు తెలియదు" అనరు. ఇక స్పాన్సర్లు. ఊళ్లో మొబైల్ షాపులు, బేకరీలు, కోచింగ్ సెంటర్లే మనకి దిక్కు. వాళ్లకి కావాల్సింది ఫ్లెక్సీ మీద పేరు, గేటు దగ్గర ఒక స్టాలు. డబ్బు చేతికొచ్చాకే ఫ్లెక్సీ ప్రింటుకి పంపండి. పాతిక వేలు ఇస్తానని మాటిచ్చిన పెద్దమనిషి ఫెస్ట్ అయ్యాక "జనం పెద్దగా రాలేదు కదా" అంటూ పదిహేను చేతిలో పెట్టాడు. అప్పటికి ఆయన పేరు మూడు రోజులు రోడ్డు మీద వేలాడింది.

మీరు అమ్మాయి కాబట్టి ఇంకో మాట. చాలా కాలేజీల్లో అమ్మాయిలకి రిజిస్ట్రేషన్ టేబుల్, యాంకరింగ్, ముగ్గులు ఇచ్చేసి స్పాన్సర్లు, కొనుగోళ్లు, స్టేజీ పని అబ్బాయిలు పంచుకుంటారు. హాస్టల్ గేటు ఎనిమిదికే మూసేస్తారన్నది సాకు. గేటు మూసేస్తారన్న మాట నిజమే, కానీ డబ్బు లెక్కలకి రాత్రి పన్నెండు దాకా గ్రౌండులో ఉండక్కర్లేదు. నన్నడిగితే ఆ పనికి గేటు లోపలున్నవాళ్లే నయం, రోజు లెక్క ఆ రోజే ముగుస్తుంది. మొదటి మీటింగులోనే నోరు తెరిచి అడగండి. రెండో మీటింగుకి పనులు పంచేసి ఉంటారు.

ఇప్పుడు సీజీపీఏ. నాకు 3-1లో 72 శాతం, బాజా నడిచిన 3-2లో 63. (మా రోజుల్లో ఇంకా పర్సంటేజీలే.) చదవడానికి టైమ్ లేక కాదు. మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష)కి ముందు నాలుగు రోజులు కూర్చుంటే పాసయ్యే పేపర్లే అవి. దెబ్బ కొట్టింది హాజరు. వర్క్‌షాపులో ఉన్నామని క్లాసు వదిలేశాం, ఓడీ (కాలేజీ పని మీద ఉన్నామని హాజరు ఇప్పించే కాగితం) తర్వాత తెచ్చుకుందామనుకున్నాం. ఆ "తర్వాత" రాలేదు, ఇంటర్నల్ మార్కుల్లో కోత మాత్రం వచ్చింది. మీకు తెలిసే ఉంటుంది, మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి ఫీజు కడితే కాండొనేషన్ (హాజరు తక్కువైనా మినహాయింపు) ఇస్తారు. 65 దాటకపోతే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో ఉంటే దానికీ 75 శాతం నిబంధన ఉంది, కాబట్టి అది మీ ఒక్కరి వ్యవహారం కాదు, ఇంటి వ్యవహారం. మీ నాన్నగారి భయంలో సగం దీని గురించే అయ్యుంటుంది, ఆయన అలా చెప్పకపోయినా.

ఓడీ లెటర్ మీద సంతకం పని కంటే ముందు తీసుకోండి, అయ్యాక కాదు. దాని జిరాక్స్ ఒకటి మీ దగ్గర ఉండాలి. సెమిస్టర్ చివర్లో రిజిస్టరులో పడలేదని తేలితే చూపించడానికి అదొక్కటే ఆధారం. 80 శాతం కిందకి వచ్చిన రోజే ఆ నెల కమిటీ పనులకి దండం పెట్టేయండి. విద్యార్థి సంఘాల ఎన్నికల మీద 2006లో వచ్చిన లింగ్డో కమిటీ నివేదిక కూడా పోటీ చేసేవాళ్లకి కనీసం 75 శాతం హాజరు ఉండాలనీ, ఆ ఏడాది బ్యాక్‌లాగ్ (పాస్ కాని సబ్జెక్టు) ఉండకూడదనీ చెప్పింది. ఇప్పటికే ఒకటో రెండో సబ్జెక్టులు మిగిలి ఉంటే నా సలహా మారిపోతుంది: ముందు అవి తీసేయండి, ఫెస్ట్ వచ్చే ఏడాదీ ఉంటుంది.

సీఆర్ సంగతి. మన అనుబంధ కాలేజీల్లో ఎన్నికలు ఎక్కడున్నాయి, హెచ్‌ఓడీ వేలు పెట్టి చూపించినవాళ్లే సీఆర్. కాబట్టి మొదటి రోజు నుంచే క్లాసు కళ్లకి మీరు "హెచ్‌ఓడీ మనిషి". మాస్ బంక్ (క్లాసంతా ఒక్కసారే ఎగ్గొట్టే) రోజు సీఆర్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే. వెళ్తే క్లాసుకి శత్రువు, వెళ్లకపోతే పేర్ల జాబితా అడిగేది మిమ్మల్నే. ఆ జాబితా మాత్రం ఎప్పుడూ రాసివ్వకండి, "హాజరు రిజిస్టరులో ఉంటుంది సార్" అని ఊరుకోండి. ఇంత ఉన్నా సీఆర్ పనిలో ఒక మంచి విద్య దొరుకుతుంది, బేరమాడటం. మా సెక్షన్‌కి ఒకసారి ల్యాబ్ ఎక్స్‌టర్నల్, మిడ్ ఒకే రోజు పడ్డాయి. ముందు పదిహేను మంది హెచ్‌ఓడీ దగ్గరికి గుంపుగా వెళ్లి "సార్ కష్టం సార్" అన్నారు, తిట్లు తిని వచ్చారు. మర్నాడు మా సీఆర్ ఒక్కడే వెళ్లాడు. ఒక తెల్ల కాగితం మీద రెండు వేరే తేదీలు రాసుకుని, ఆ రెండు రోజులూ ల్యాబ్ ఖాళీగా ఉందని ల్యాబ్ అసిస్టెంటుని ముందే అడిగి మరీ వెళ్లాడు. ఐదు నిమిషాల్లో తేదీ మారింది. ఆయనకి ఆలోచించే శ్రమ లేకుండా చేశాడు, అంతే. ఇప్పటికీ ఆఫీసులో మా మేనేజర్ దగ్గరికి సమస్య తీసుకెళ్లేటప్పుడు ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఐఈఈఈ గురించి ఎక్కువ చెప్పను, నాది మెకానికల్ కదా. బ్రాంచ్ పెట్టాలంటే కనీసం పన్నెండు మంది విద్యార్థి సభ్యులు, ఒక ఫ్యాకల్టీ కౌన్సిలర్ ఉండాలి, అది దాటాక నడిపించేది మనుషులే. కొన్ని కాలేజీల్లో బాగా నడుస్తాయి. కొన్నిచోట్ల పేరు గొప్ప, ఊరు దిబ్బ: సభ్యత్వం డబ్బులు కట్టడం, ఒక గెస్ట్ లెక్చర్, బొకేతో గ్రూపు ఫొటో. పోయినేడు ఎన్ని కార్యక్రమాలు చేశారో, రిపోర్టులు ఎక్కడున్నాయో అడగండి. చూపించగలిగితే మూడో సంవత్సరంలో చేరండి, తొందరేం లేదు.

బాజా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను కెప్టెన్‌గా చేసిన పెద్ద తప్పు అక్కడిది. తెలియనివాళ్ల కోసం: ఒక్కరే కూర్చుని నడిపే, గుంతల్లో మిట్టల్లో పరిగెత్తే బండిని విద్యార్థులే డిజైన్ చేసి కట్టాలి. ఎస్ఏఈ ఇండియా (వాహన ఇంజినీర్ల సంఘం) వాళ్లు 2007 నుంచి పెడుతున్న పోటీ, ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో చాలా ఏళ్లు జరిగింది. డిజైన్, ఖర్చు, అమ్మకం ప్రజెంటేషన్‌లకీ మార్కులుంటాయి. చివర్లో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు. అక్కడిదాకా వెళ్లాలంటే ముందు టెక్నికల్ ఇన్‌స్పెక్షన్, బ్రేక్ టెస్ట్ దాటాలి. బండిని వేగంగా తెచ్చి బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ బిగుసుకుపోవాలి. ఒక్కటి తిరిగినా మళ్లీ రమ్మంటారు.

బ్రేకుల పని మా టీమ్‌లో ఒక జూనియర్ది. మాట తక్కువ, డ్రాయింగు మాత్రం శుభ్రం. ముందు చక్రం దగ్గర కాలిపర్ (బ్రేకు ప్యాడ్‌లని నొక్కే భాగం) బిగించే బ్రాకెట్ గీసిచ్చాడు. బ్రేక్ పైపు సస్పెన్షన్‌కి తగులుతుందేమోనని నాకు అనుమానం వచ్చింది. అతన్ని అడగలేదు. ఆ రాత్రే నేను కూర్చుని ఎడమ వైపు బ్రాకెట్ మార్చేసి, పొద్దున్నే లేజర్ కటింగ్‌కి పంపేశాను. కెప్టెన్‌ని కదా. విషయం తెలిశాక అతనేం గొడవ పడలేదు. నవంబరు నుంచి వర్క్‌షాపుకి రావడం మానేశాడు. "పోనీలే, సెమిస్టర్ పరీక్షలు" అనుకున్నాం.

బండిని లారీలో పంపి మేం రైల్లో భోపాల్ వరకు, అక్కణ్నుంచి బస్సులో వెళ్లాం. బ్రేక్ టెస్ట్‌లో మూడు చక్రాల గీతలు నేల మీద నల్లగా పడ్డాయి. ముందు ఎడమది హాయిగా తిరుగుతోంది. పెడల్ తొక్కితే స్పాంజి తొక్కినట్టుంది, అంటే లైన్‌లో గాలి. బ్లీడ్ చేశాం, అంటే కాలిపర్ మీదుండే చిన్న నిపుల్ విప్పి ఆ గాలిని బయటికి వదలాలని చూశాం. మళ్లీ వెళ్లాం, మళ్లీ అదే. సీసా సగం బ్రేక్ ఆయిల్ నేలపాలైంది. నేను అరవడం మొదలుపెట్టాను. పక్కవాడి చేతిలోంచి స్పానర్ లాక్కుని నేనే బిగించాను. అందరూ వెనక్కి జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ నిలబడ్డ తీరు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది.

చివరికి ఒకమ్మాయి నాకు చెప్పకుండా ఆ జూనియర్‌కి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. అతను అడిగింది ఒక్కటే: "అన్నా, ఆ కాలిపర్‌కి బ్లీడ్ నిపుల్ పైకి ఉందా, కిందకి ఉందా?" వంగి చూశాను. కిందకి ఉంది. నేను మార్చిన బ్రాకెట్‌తో కాలిపర్ తలకిందులుగా కూర్చుంది. గాలి పైకి చేరుతుంది, కిందున్న నిపుల్ ఎంతసేపు విప్పినా ఆయిలే కారుతుంది తప్ప గాలి ఎందుకు వస్తుంది? కాలిపర్ విప్పి, ప్యాడ్‌ల మధ్య చెక్కముక్క పెట్టి, నిపుల్ ఆకాశం వైపు ఉండేలా చేత్తో పట్టుకుని బ్లీడ్ చేయమన్నాడు. బుడగలు బుడబుడమంటూ వచ్చేశాయి. మళ్లీ బిగించి మూడోసారి వెళ్తే నాలుగు గీతలూ పడ్డాయి. రేసులో మాత్రం రెండో గంటలో సస్పెన్షన్ ఆర్మ్ విరిగి బయటికి వచ్చేశాం. కప్పుల కథ కాదు ఇది.

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో "కాలేజీలో మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి" అన్నారు. ఇదే చెప్పాను, జూనియర్ని అడక్కుండా డ్రాయింగ్ మార్చిన దగ్గర్నుంచి. బల్లకి అటు కూర్చున్న పెద్దాయన కాగితం తిప్పి నా చేతికిచ్చి ఆ బ్రాకెట్ గీయమన్నారు. ఇరవై నిమిషాలు దాని మీదే నడిచింది. జరిగిన పనికి వివరం దానంతటదే నోటికొస్తుంది, పదవికి రాదు. రెజ్యూమెలో కూడా అంతే. "టెక్ ఫెస్ట్ కోఆర్డినేటర్, 2025" అని వదిలేయకండి. "ఇద్దరు సభ్యులతో కలిసి ఇన్ని లక్షల బడ్జెట్, ఇన్ని వోచర్లు, పది రోజుల్లో లెక్క అప్పగింత" అని మీ నిజం అంకెలు వేయండి. చిన్నవైనా పర్వాలేదు. పెంచి రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు, మేం అడిగేది ఎప్పుడూ రెండో ప్రశ్నే.

స్టేజీ, జనం అంటే బెరుకు ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం)లో చేరినా నాకు అభ్యంతరం లేదు. రెండేళ్లలో 240 గంటలు, మధ్యలో ఊళ్లో ఏడు రోజుల క్యాంపు. యాభై మందికి పొద్దున టిఫిన్ ఏర్పాటు చేయడం ఒక్కసారి మీ మీద పడితే చాలు, బెరుకు సగం పోతుంది.

ఎంటెక్ ప్రవేశాలకి రాసే గేట్ పరీక్ష మీద గట్టిగా ఉన్నారంటే మూడో సంవత్సరం రెండో సగం నుంచే తప్పుకోవాలి. 4-1 అని పైన చెప్పింది ప్లేస్‌మెంట్లకి వెళ్లేవాళ్ల లెక్క. ఆగస్టులో కంపెనీలు వచ్చేసరికి గ్రూపుల్లో అడ్మిన్‌గా కూడా ఉండకండి.

నాన్నగారితో వాదించొద్దు. "మూడు అడిగారు నాన్నా, ఒక్కటే ఒప్పుకున్నాను, మార్చి నెలాఖరుకి అయిపోతుంది, హాజరు 80 కిందకి రానివ్వను" అని చెప్పండి. ఆయనకి పోర్టల్ పాస్‌వర్డ్ ఇచ్చేయండి, ఆయనే చూసుకుంటారు.

ఇక ఒప్పుకునే ముందు ఈ వారంలో ఒక పని చేయండి. పోయినేడు ఫెస్ట్ లెక్కలు చూసినవాళ్లెవరో కనుక్కుని బిల్లుల ఫైలు అడగండి. ఫైలు ఉంటే జిరాక్స్ తీసుకోండి, సగం పని నేర్చేసుకున్నట్టే. లేదంటే ఆ బాకీలు ఎక్కడికి చేరాయో కన్వీనర్ గారిని ముందు అడిగి తెలుసుకోండి, మీ పేరు కింద సంతకం ఆ తర్వాత.